నంబరు ప్లేటు చెప్పే వయసు

పాత కారు ధరను తేల్చే అంశాల్లో మొదటిది దాని వయసే అయినా, ఆ వయసును నలుగురికీ కనిపించేలా బండి మీదనే రాసి తిప్పాలా, రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉంటే చాలునా అన్న విషయంలో దేశాలన్నీ ఒకే దారిలో నడవలేదు. బ్రిటన్ మొదటి పద్ధతికి మొగ్గు చూపగా, భారతదేశం చాలాకాలం రెండోదానితోనే సరిపెట్టుకుంది. అయినా తెలుగు రాష్ట్రాల రోడ్ల మీద తిరిగే బండ్ల నంబర్లు, ఎవరూ ఆ ఉద్దేశంతో రూపొందించకపోయినా, తెలిసినవారికి కొంత వయసు చెప్పేస్తూనే ఉన్నాయి.

బ్రిటన్‌లో వాహనాల రిజిస్ట్రేషన్ 1903 నాటి మోటారు కార్ల చట్టంతో మొదలైంది గానీ, సంవత్సరాన్ని సూచించే అక్షరం నంబరులో చేరింది మాత్రం 1963లోనే. ఆ ఏడాది ‘ఎ’, మరుసటి ఏడాది ‘బి’, ఇలా నంబరు చివర ఒక్కొక్క అక్షరం వస్తూ పోయింది. జనవరిలో మారే ఈ అక్షరాన్ని 1967 నుంచి ఆగస్టుకు మార్చారు. కొత్త అక్షరంతో బండి తిప్పాలన్న మోజుతో జనం ఆ ఒక్క నెల కోసం కాచుకొని కూర్చోవడం, అమ్మకాలన్నీ అప్పుడే పోటెత్తడం పరిపాటి కావడంతో, 1999 నుంచి ఏడాదికి రెండుసార్లు, అంటే మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి గుర్తు మారుస్తున్నారు. ప్రస్తుత పద్ధతి 2001 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. ఇందులో మొదటి రెండు అక్షరాలు ప్రాంతాన్నీ, తరువాతి రెండంకెలు కాలాన్నీ తెలుపుతాయి. మార్చిలో మొదలయ్యే ఆరు నెలలకు సంవత్సరపు చివరి రెండంకెలు వాడతారు; సెప్టెంబరు నుంచి వాటికి యాభై కలుపుతారు. కాబట్టి ‘24’ ఉన్న కారు 2024 మార్చి, ఆగస్టు నెలల మధ్యనూ, ‘74’ ఉన్న కారు ఆ సెప్టెంబరుకూ తరువాతి ఫిబ్రవరికీ మధ్యనూ రిజిస్టరైనదని రోడ్డు మీద పోయేవారు సైతం చెప్పగలరు.

అంకెల కూర్పు కంటే దాని వెనుక ఉన్న నియమం ముఖ్యమైనది. బ్రిటన్‌లో కారు యజమాని ముచ్చటపడి వేరే నంబరు కొనుక్కోవచ్చు, కానీ ఉన్న వయసు కంటే బండిని కొత్తదిగా చూపించే నంబరు తగిలించడానికి చట్టం ఒప్పుకోదు. పాతదిగా చూపిస్తే అభ్యంతరం లేదు. విడిభాగాలతో కూర్చినందువల్లనో, పత్రాలు లేనందువల్లనో వయసు తేలని వాహనానికి ‘క్యూ’ అనే అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. కొనేవాడు మోసపోకూడదన్న పట్టుదల ఈ ఏర్పాటులో స్పష్టంగా కనిపిస్తుంది.

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద వాడుకలో ఉన్న నంబరులో రాష్ట్రపు రెండక్షరాలు, రిజిస్ట్రేషన్ కార్యాలయపు అంకె, సిరీస్ అక్షరాలు, చివర నాలుగంకెలు ఉంటాయి తప్ప సంవత్సరం ఉండదు. ఒక సిరీస్‌లో 9999 పూర్తికాగానే తరువాతి సిరీస్ తెరుస్తారు గనుక, ఒక ఊరి సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారికి ఆ ఊరి సిరీస్ చూడగానే బండి సుమారుగా ఏ ఏటిదో తట్టవచ్చు. అయితే ఈ లెక్క పొరుగు జిల్లాకు పనికిరాదు. పైగా ఆర్టీసీ బస్సులకు ‘జెడ్’, పోలీసు వాహనాలకు ‘పి’ కేటాయించినట్లు కొన్ని అక్షరాలు కాలంతో నిమిత్తం లేకుండా వాహనపు తరగతిని బట్టి వస్తాయి.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి మరో ఆనవాలు తోడైంది. ఖైరతాబాద్ కార్యాలయాన్నే తీసుకుంటే, రాష్ట్ర విభజనకు ముందు అక్కడ రిజిస్టరైన కారుకు ‘ఏపీ 09’ ఉండేది; 2014 జూన్‌లో తెలంగాణకు కొత్త కోడ్ వచ్చాక అది ‘టీఎస్ 09’గానూ, 2024 మార్చిలో కోడ్ మళ్లీ మారాక ‘టీజీ 09’గానూ మారింది. పాత నంబర్లు అలాగే చెల్లుతాయి గనుక, హైదరాబాద్‌లో ఒకే సిగ్నల్ దగ్గర ఆగిన మూడు కార్లలో ఏది విభజనకు ముందుదో, ఏది ఆ తరువాతి పదేళ్లదో, ఏది ఈ మధ్యదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జనవరి చివర జిల్లాల కోడ్‌ల స్థానంలో రాష్ట్రమంతటికీ ‘ఏపీ 39’ వచ్చింది. దాంతో నంబరు చూసి బండి ఏ జిల్లాదో చెప్పే వీలు పోయినా, విశాఖపట్నపు ‘ఏపీ 31’తోనో గుంటూరు ‘ఏపీ 07’తోనో తిరిగే సొంత కారు ఆ మార్పుకు ముందుదని మాత్రం తెలుస్తుంది.

సంవత్సరాన్ని సూటిగా చెప్పే నంబర్లు మన దేశంలో లేకపోలేదు. సైనిక వాహనాల నంబరులో పైకి చూసే బాణపు గుర్తు పక్కనున్న రెండంకెలు వాహనాన్ని సేకరించిన సంవత్సరాన్ని తెలుపుతాయి. తరచు రాష్ట్రాలు మారే ఉద్యోగుల కోసం 2021 సెప్టెంబరులో ప్రవేశపెట్టిన భారత్ సిరీస్ నంబరు ‘22 బీహెచ్’ అంటూ మొదటి రిజిస్ట్రేషన్ జరిగిన ఏడాదితోనే మొదలవుతుంది. ఈ సిరీస్ బండికి రాష్ట్రం మారినా కొత్త నంబరు అక్కర్లేదు గనుక, దాని వయసు ఎక్కడికి వెళ్లినా మారదు.

మిగిలిన నంబర్లలో చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక రాష్ట్రపు వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాల మీద హరిత ట్రిబ్యునల్ విధించిన ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక, గడువు దగ్గరపడ్డ కార్లు ఎన్నో చవగ్గా ఇతర రాష్ట్రాలకు తరలిపోయాయి. అలా వచ్చిన 2012 నాటి కారుకు ఇక్కడ ‘టీజీ’ నంబరు పడితే అది చూపుకు నిన్నమొన్నటి బండిలాగే ఉంటుంది. బ్రిటన్ చట్టం ఏ భ్రమకు తావివ్వలేదో, మన పద్ధతి దానికి తెలియకుండానే చోటిస్తోంది. మొదటి రిజిస్ట్రేషన్ ఏడాదిని భారత్ సిరీస్‌లోలాగే అన్ని నంబర్లలోనూ చేర్చడం కష్టమేమీ కాదు; చేర్చితే సామాన్య కొనుగోలుదారుకు ఎంతో మేలు జరుగుతుంది.

అక్రమాల నివారణకు 2019 ఏప్రిల్ నుంచి కొత్త వాహనాలకు తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ ప్లేటు కూడా ఈ విషయంలో అక్కరకు రాదు. పాత బండికి కూడా దాన్ని బిగించవచ్చు గనుక మెరిసే ప్లేటు కొత్త కారుకు గుర్తు కాదు. చూడవలసింది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అంటే ఆర్‌సీ. అందులో తయారైన నెల, సంవత్సరం ఒకచోట, రిజిస్ట్రేషన్ తేదీ మరోచోట ఉంటాయి. డిసెంబరులో తయారై షోరూములో కొన్ని నెలలు నిలిచిన కారు మరుసటి ఏడాది రిజిస్టరైతే, అమ్మేవారు రెండో తేదీ చెబుతారు, కొనేవారు మొదటి తేదీ అడగాలి. సొంత వాహనపు ఆర్‌సీ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆపైన ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. కార్లకు ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచారు గనుక, బేరం కుదుర్చుకునే ముందే ఆర్‌సీలోని గడువు తేదీ చూసి, ఆ ఖర్చును ధరలో తగ్గించి అడగడం కొనుగోలుదారు హక్కు.