సైబరాబాద్ వలస కార్మికులు, వారి భార్యలు: హెచ్‌ఐవీ ముప్పు - చట్టరక్షణ

1. ఉపోద్ఘాతం:
1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైదరాబాద్ పశ్చిమ భాగం నిర్మాణరంగానికి కేంద్రమైంది. గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడలలోని బహుళ అంతస్తుల భవనాల వెనుక పాలమూరు, ఒడిశా, బీహార్ కార్మికుల శ్రమ ఉంది. వీరిలో అనేకులు భార్యాబిడ్డలను స్వగ్రామంలో ఉంచి, పనిస్థలం పక్కనే రేకుల షెడ్లలో నివసిస్తారు. ఈ ఎడబాటుకూ హెచ్‌ఐవీ ముప్పుకూ గల సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ముప్పు స్వరూపం:
జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2023 అంచనాల ప్రకారం వయోజనులలో హెచ్‌ఐవీ వ్యాప్తి దేశంలో 0.20 శాతం, తెలంగాణలో 0.44 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం. ఈ సంస్థ వలస కార్మికులను, దూరప్రాంత లారీ డ్రైవర్లను ‘వారధి’ వర్గాలుగా పరిగణిస్తుంది. అధిక ముప్పుగల వర్గాల నుంచి సాధారణ కుటుంబాలకు వైరస్ వీరి ద్వారా చేరే అవకాశం ఉండటమే దీనికి కారణం.

అయితే వలస వెళ్ళడమే వ్యాధికారకం కాదు. ఒంటరితనం, మద్యం, కండోమ్ లేని లైంగిక సంబంధం, పరీక్షకు వెళ్తే కూలి పోతుందన్న భయం కలిసినప్పుడే ముప్పు పెరుగుతుంది. పురుషుల మధ్య సంబంధాలు నింద భయంతో మరింత మరుగున ఉండిపోతాయి.

వారధికి ఆవలి ఒడ్డున ఉన్నది భార్య. భర్తతో దాంపత్యం తప్ప ఆమెకు వేరే ముప్పు లేకపోవచ్చు. పండుగకు ఇంటికి వచ్చిన భర్తను కండోమ్ వాడమని అడగడం అనుమానించడంగా భావింపబడుతుంది. గర్భిణీ పరీక్షలలో ఆమెకే ముందుగా వ్యాధి నిర్ధారణ అయితే, నింద కూడా ఆమెపైనే పడుతుంది.

3. చికిత్స - చట్టం:
ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాలలో పరీక్ష, ఏఆర్‌టీ కేంద్రాలలో మందులు ఉచితం. క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో వైరస్ గుర్తించలేని స్థాయికి తగ్గి, అదే స్థితిలో కొనసాగితే లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు సోకదు.

2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10న అమలులోకి వచ్చింది. సమ్మతి లేని పరీక్షను, ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడాన్ని ఇది నిషేధించింది. 100 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించాలని నిర్దేశించింది.

ఇందులోని 9వ సెక్షన్ భాగస్వామికి సంబంధించినది. రోగికి కౌన్సెలింగ్ ఇచ్చినా అతడు చెప్పడని భావించినప్పుడు, ముప్పులో ఉన్న భాగస్వామికి వైద్యుడు లేదా కౌన్సెలర్ ముందుగా రోగికి తెలిపి సమాచారం ఇవ్వవచ్చు. ఇది అనుమతి మాత్రమే; భాగస్వామిని వెతికి చెప్పవలసిన బాధ్యత వారికి లేదు. భర్త నగరంలోనూ భార్య పల్లెలోనూ ఉన్నప్పుడు ఈ వెసులుబాటు ఆమె వరకు చేరడం కష్టం.

4. ముగింపు:
చట్టం రోగి గోప్యతను కాపాడింది, అది అవసరం. అయితే పనిస్థలంలో పురుషునికి ఇచ్చే అవగాహనతో పాటు, స్వగ్రామంలోని భార్యకు ఆశా కార్యకర్త ద్వారా పరీక్ష, కౌన్సెలింగ్ అందినప్పుడే నివారణ పరిపూర్ణమవుతుంది. ఆమెను రోగి భార్యగా కాక, ఆరోగ్యహక్కు గల వ్యక్తిగా గుర్తించడం దీనికి తొలి మెట్టు.