చుక్కానా, చేతి పట్టా?
హుగ్లీ మాఝీకి, సీ కయాక్ సాహసికి ఒకటే చిక్కు

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కినవారు హౌరాలో దిగి స్టేషన్ బయటికి రాగానే ఎదురయ్యేది హుగ్లీ. ఘాట్ నుంచి లాంచీ కదులుతుంది. అవతలి ఒడ్డుకు తిన్నగా పోవాల్సిన లాంచీ ముక్కును సరంగు కాస్త ఎగువకో, దిగువకో పెడతాడు. ఎటన్నది ఆటుపోట్లను బట్టి. సముద్రం ఎంతో దూరాన ఉన్నా ఇక్కడ నది రోజుకు రెండుసార్లు వెనక్కి పారుతుంది మరి.

ఇలాంటి నీటిలో పడవను అదుపులో పెట్టేదేమిటి? సముద్రంలో కయాక్‌లు నడిపేవారి మధ్య ఇది దశాబ్దాలుగా తెగని తగవు. పక్కగాలి వీస్తే కయాక్ ముక్కు గాలివైపు తిరిగిపోతుంది. ముందుకు సాగేటప్పుడు ముక్కు నీటిని చీలుస్తూ బిగిసి ఉంటుంది, తోక వదులుగా ఉంటుంది. గాలి తోకను నెట్టేస్తుంది. చుక్కాని లేకపోతే గంటల తరబడి ఒకవైపే బలంగా తెడ్డు వేయాలి. భుజం పడిపోతుంది. అంటే కయాక్‌లో చుక్కానికి అసలు పని పడవను తిప్పడం కాదు, తిరగకుండా చూడటం.

వద్దనేవారి వాదనా తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. తీరానికి దూరంగా తీగ తెగితే దిక్కెవరు? అల మీద తోక పైకి లేస్తే చుక్కాని రెక్క గాలిలో ఊగుతుంది. పైగా దానికి అలవాటుపడ్డవాడు నడుము వంచి పడవను ఒరగదోసి తిప్పే విద్య నేర్చుకోడు. కయాక్‌ను కనిపెట్టిన ఆర్కిటిక్ వేటగాళ్లు ఆ విద్యతోనే బతికారు. ఒలింపిక్ స్ప్రింట్ పోటీల్లో కయాక్‌కు చుక్కాని ఉంటుంది, కనూకు ఉండదు. ఇక 1932లో జర్మనీలోని ఉల్మ్ దగ్గర బయల్దేరి, భారత తీరం మీదుగా 1939లో ఆస్ట్రేలియా చేరిన ఆస్కార్ స్పెక్ తన మడత కయాక్‌కు చుక్కాని, చిన్న తెరచాప రెండూ పెట్టుకున్నాడు. అప్పటికే యుద్ధం మొదలైంది. అంత దూరం తెడ్డు వేసినవాడిని శత్రుదేశస్తుడంటూ నిర్బంధించారు!

హాల్ కథ వేరు

బెంగాల్ నాటుపడవల్లో మాఝీ పట్టేది హాల్. ఓడలకుండే చుక్కానిలా వెనక కొయ్యకు మడతబందులతో బిగించినది కాదు. తోక దగ్గర తాడుతో కట్టిన పెద్ద తెడ్డు. అజంతా రెండో గుహలోని ఓడ బొమ్మకు వేలాడేవీ తెడ్లే. చైనాలో క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి మట్టి పడవ బొమ్మకే తోక చుక్కాని ఉంది. ఐరోపాలో అది 12వ శతాబ్దంలో గానీ కనిపించదు.

మరి ఇన్ని ఓడలు వచ్చిపోయిన హుగ్లీలో మాఝీలు హాల్‌ను ఎందుకు వదల్లేదు? కారణం నీరే. చుక్కాని పనిచేయాలంటే దాని పక్కగా నీరు పారాలి. ప్రవాహంతోపాటే కొట్టుకుపోయే పడవకు, నీటికి వేగంలో తేడా ఉండదు. అప్పుడు చుక్కాని ఉత్త చెక్క. హాల్ అలా కాదు. దాన్ని ఊపి నీటిని తోస్తే నిలిచిన పడవైనా తిరుగుతుంది. ఇసుక మేట తగిలితే పైకెత్తొచ్చు. తాడు తెగితే మరో తాడు కట్టొచ్చు. కాకపోతే దాన్ని పట్టడానికి ఒంటి బలమంతా కావాలి. పడవ పెద్దదయ్యేకొద్దీ అది చేతికి లొంగదు.

దీనికి అసలు పరీక్ష బాన్. అమావాస్య, పౌర్ణమి పోట్లకు కొన్నిసార్లు సముద్రపు నీరు గోడలా నదిలోకి ఎదురొస్తుంది. ఒక్కోసారి రెండు మీటర్ల ఎత్తు. ఒడ్డున కట్టిన పడవలు నుజ్జవుతాయి. అందుకే కేక వినగానే మాఝీలు పడవలను నడి నదికి తీస్తారు. లోతు ఎక్కువున్న చోట అల తగ్గుతుంది. ముక్కును దానికెదురు పెట్టాలి. ఉన్నవి కొన్ని నిమిషాలే. ఆ వేళ తోకలో బిగించిన రెక్క కన్నా చేతిలోని హాలే నయం. వెనకనుంచి తన్నే నీటికి చుక్కాని విరిగినా విరగొచ్చు.

ఈ లెక్కను తారుమారు చేసింది ఇంజిన్. డీజిల్ భుట్‌భుటిలో చుక్కాని ప్రొపెల్లర్ వెనకే ఉంటుంది. ప్రొపెల్లర్ చిమ్మే నీరు నేరుగా దానికి తగులుతుంది కాబట్టి పడవ నెమ్మదిగా ఉన్నా మాట వింటుంది. ఒక్క మనిషి చాలు. ఇంజిన్ ఆగిందా, చుక్కాని కూడా ఆగినట్టే. జనాన్ని నింపుకున్న పడవ నడి నదిలో అలా ఆగితే దగ్గర ఓ పెద్ద తెడ్డు ఉందా, దాన్ని పట్టడం వచ్చినవాడు ఉన్నాడా అన్నదే ప్రశ్న.

హౌరా జిల్లాలోనే, రూప్‌నారాయణ్ ఒడ్డున శ్యాంపూర్ ప్రాంతంలో 2022లో ఛోట్ అనే పాతకాలపు పడవను స్థానిక వడ్రంగులతో మళ్లీ కట్టించారు. అడుగు భాగం 'వి' ఆకారంలో ఉండే ఈ పడవ నదుల మీద దాదాపు కనుమరుగైంది. బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ పరిశోధకులు, భారతీయ నిపుణులు కలిసి ఆ పనినంతా వీడియో తీశారు. పలకలు ఎలా కోయాలో, ఎలా అతకాలో అందులో భద్రంగా ఉంది. హాల్ పట్టడం మాత్రం ఇప్పటికీ నీటి మీదే నేర్చుకోవాలి, అదీ నేర్పేవాళ్లు ఉన్నన్నాళ్లే.