కొల్లేరు కాంటూరు: అసెంబ్లీలో తీర్మానం అయితే మీ భూమి అభయారణ్యం నుంచి బయటపడినట్టేనా?

కొల్లేరు లంక గ్రామాల్లో ఎకరమో రెండెకరాలో జిరాయితీ భూమి ఉన్న రైతులకు ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ వినపడే మాట ఒకటుంది. "ఐదో కాంటూరును మూడుకు తగ్గిస్తాం, మీ భూములు మీకొస్తాయి" అని. ఆ మాట నమ్మి అక్కడ భూమి కొనాలనో, చెరువు కౌలుకు తీసుకోవాలనో అనుకుంటున్నారా? బయానా ఇచ్చే ముందు ఇది చదవండి.

కాంటూరు అంటే సముద్ర మట్టానికి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత. నీరు +5 అడుగుల వరకు నిలిస్తే కొల్లేరు విస్తీర్ణం సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అంటే 76 వేల ఎకరాలకు పైగా. +3 అడుగుల వరకైతే 135 చదరపు కిలోమీటర్లే. రెండడుగుల తేడాతో సగానికి పైగా భూమి గీత బయటకు వస్తుంది. 1999 అక్టోబరులో ప్రభుత్వం జీవో 120 ద్వారా +5 వరకు అభయారణ్యంగా ప్రకటించింది. అందులో సుమారు 15 వేల ఎకరాలు జిరాయితీ భూమి. గొడవంతా ప్రధానంగా దీని గురించే. పాత పద్ధతిలో సాగు, సంప్రదాయ చేపల వేట చేసుకోవచ్చు గానీ, గట్లు వేసి చేపల చెరువులు తవ్వకూడదు.

ఒకప్పుడు చెరువుల కోసం సహకార సంఘాలకు భూమి ఇచ్చింది కూడా ప్రభుత్వమే. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు తెగ్గొట్టిందీ ప్రభుత్వమే. గట్టు పోయినా, మేత కోసం చేసిన అప్పు మాత్రం రైతు మీదే మిగిలింది.

ఆ తర్వాత 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ కాంటూరును +3కి తగ్గించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎవరికీ ఖర్చు లేని పని కాబట్టి సభలో ఏకగ్రీవం తేలికే. కానీ గీత కదలలేదు. ఎందుకో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 26ఎ అనే సెక్షన్ ఉంది. అభయారణ్యం హద్దు మార్చాలంటే రాష్ట్ర శాసనసభ తీర్మానం కావాలని అందులో ఒకప్పుడు ఉండేది. పార్లమెంటు చేసిన 2002 సవరణ 2003 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి ఆ చోట జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు అవసరమైంది. అంటే సభ తీర్మానించే నాటికే ఆ అధికారం సభ చేతిలోంచి వెళ్లి అయిదేళ్లయింది. అభయారణ్యాల భూమిని తమ అనుమతి లేకుండా మినహాయించరాదని సుప్రీంకోర్టు 2000లోనే ఆదేశించింది కూడా. కాబట్టి తీర్మానం అంటే కేంద్రానికి చేసే విన్నపమే. మండలి సిఫార్సు, కోర్టు అనుమతి, ఆపైన నోటిఫికేషన్ వస్తేనే హద్దు మారుతుంది. 2008 తీర్మానం తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ +3కి తగ్గించవద్దనే చెప్పింది.

తగ్గించవద్దనడానికి పక్షులొక్కటే కారణం కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు కొల్లేరులో దిగి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తాయి. దారిలో గట్లు ఉంటే వరద నిలిచిపోయి పైనున్న వరి పొలాల మీదికి ఎగదన్నుతుంది. ఆ పొలాలూ చిన్న రైతులవే. సభలో కొల్లేరు రైతు గురించి మాట్లాడేవారు ఈ రెండో రైతును అంతగా తలవరు.

భూమి విషయంలో మీరు చూసుకోవలసినవి

ముందుగా సర్వే నంబరు +5 లోపల ఉందో బయట ఉందో రెవెన్యూ, అటవీ శాఖల దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి. దళారి నోటిమాట పనికిరాదు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇక రెండోది ముఖ్యం. అదే చట్టంలోని సెక్షన్ 20 ప్రకారం, అభయారణ్యం చేస్తామని తొలి ప్రకటన వచ్చిన తర్వాత ఆ భూమి మీద వారసత్వంగానో వీలునామాతోనో తప్ప కొత్త హక్కు పుట్టదు. అందుకే లోపలి భూమి కొంటే రిజిస్ట్రేషన్ అయినా చిక్కు తీరదు. అమ్మేవారు "జీవో రాబోతోంది" అంటే, వచ్చాకే మాట్లాడదామని చెప్పండి. డి-పట్టా భూమి అయితే అసైన్డ్ భూముల చట్టం కూడా అడ్డొస్తుంది. దాని నియమాలు మారుతూ వచ్చాయి కాబట్టి తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

మీ తాతల నాటి జిరాయితీ భూమే అయితే సంగతి వేరు. కలెక్టరు విచారణలో హక్కుదారుల భూమిని అభయారణ్యం నుంచి మినహాయించడానికీ, పరిహారమిచ్చి తీసుకోవడానికీ, హక్కు కొనసాగనివ్వడానికీ సెక్షన్ 24లో వీలుంది. హద్దు తగ్గించడం కన్నా పరిహారం అడగడమే దగ్గర దారి అని మా అభిప్రాయం. అందుకు పాత అడంగల్, 1బి, శిస్తు రశీదులు, వారసత్వ కాగితాలు ఒకచోట భద్రంగా పెట్టుకోండి. ఈసారి మీ ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు తీర్మానం ఎప్పుడు చేస్తారని అడగకండి. జిరాయితీ భూమి పరిహారానికి ఈ ఏడాది బడ్జెట్లో ఎంత పెట్టించారో అడగండి.