పరీక్షలో రాసిన మందే ఓపీలో ఎందుకు గుర్తు రాలేదు?

నేను బీటెక్ వాణ్ణి, డాక్టర్ని కాదు, ముందే చెప్పేస్తున్నా. ఇది విని ఎవరూ మీ మందులు మార్చుకోకండి. ఈరోజు టాపిక్, ఎంబీబీఎస్ సెకండియర్‌లో ఉండే ఫార్మకాలజీ. అంటే మందుల సబ్జెక్టు. దాన్ని క్లాసులో ఎలా చెప్తున్నారో కొంతమంది మెడికోల్ని అడిగాను.

మా కజిన్ హౌస్ సర్జన్. ఓపీలో ఒకావిడ వచ్చింది, మైగ్రేన్. మళ్లీ మళ్లీ రాకుండా ప్రొప్రనొలాల్ రాద్దామనుకుంది మావాళ్లమ్మాయి. చీటీ రాస్తుంటే, ఆవిడ ఫోన్ కోసం బ్యాగు తెరిచింది. లోపల ఇన్‌హేలర్! పెన్ను ఆగిపోయింది.

ఎందుకంటే, ఈ మందు గుండెలో బీటా-1 రిసెప్టర్లని బ్లాక్ చేస్తుంది, గుండె వేగం తగ్గుతుంది. కానీ ఊపిరితిత్తుల్లో ఉండే బీటా-2ని కూడా వదలదు. గాలి గొట్టాలు తెరుచుకోవడానికి అవే కావాలి. అవి బ్లాక్ అయితే ఆస్తమా ఉన్నవాళ్లకి ఊపిరి ఆడకపోవచ్చు. ప్రాణం మీదకి రావచ్చు.

అసలు విషయం ఇక్కడుంది. సెకండియర్ పరీక్షలో "ప్రొప్రనొలాల్ ఎవరికి ఇవ్వకూడదు" అంటే తను మొదటి పాయింటే ఆస్తమా అని రాసిందట. తెలియక కాదు మరి.

మా భాషలో చెప్పాలంటే ఇది ఇండెక్స్ ప్రాబ్లమ్. డేటాబేస్‌లో మందు పేరు కొడితే వివరాలన్నీ వస్తాయి. కానీ పేషెంట్ మందు పేరు కాదు, జబ్బు చెప్పుకుంటూ వస్తుంది. ఒక్కోసారి సగమే చెప్తుంది. అటువైపు నుంచి వెతకడం ఎవరూ నేర్పలేదు. పైగా సెకండియర్‌కీ హౌస్ సర్జన్సీకీ మధ్య రెండేళ్లు దాటిపోతాయి. ఈలోపు కేడీ త్రిపాఠి పుస్తకం అటక మీద!

ఇంకో కంప్లైంట్ వింటే నవ్వొచ్చింది. క్లాసులో పాంటోప్రజోల్ అని నేర్చుకుంటారు, వార్డులో అందరూ "పాన్ 40 ఇవ్వు" అంటారు. మొదటి వారం అదేదో వేరే మందు అనుకున్నవాళ్లూ ఉన్నారు.

అందరూ తిడుతున్నారని కాదు. 2019లో వచ్చిన కొత్త సిలబస్‌లో కేసు ఇచ్చి ప్రిస్క్రిప్షన్ రాయించడం, మందు ఎలా వాడాలో పేషెంట్‌కి చెప్పడం లాంటివి ఉన్నాయి. బాగా చేయించిన చోట పిల్లలు ఇష్టపడుతున్నారు. కొన్నిచోట్ల మాత్రం అది రికార్డులో కాపీ కొట్టి సంతకం పెట్టించుకునే పనే, మన ఇంజనీరింగ్ ల్యాబ్ రికార్డుల్లాగే. ఇంకో కుర్రాడైతే బట్టీ కావాల్సిందే అన్నాడు. చివర 'ఒలాల్' ఉంటే బీటా బ్లాకర్, 'ప్రిల్' ఉంటే ఏస్ ఇన్హిబిటర్, ఇవి నోటికి రాకపోతే కేసు ఇచ్చినా ఏం ఆలోచిస్తాం అని. కరెక్టే. నా గొడవ బట్టీతో కాదు, అక్కడే ఆగిపోవడంతో.

మా కజిన్ ఇప్పుడు చిన్న నోట్‌బుక్ పెట్టుకుంది. పేజీల పైన మందుల పేర్లు లేవు. ఒక పేజీ ఆస్తమా, ఒకటి ప్రెగ్నెన్సీ, ఒకటి కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు. కింద, వాళ్లకి ఏవి రాయకూడదో. మెడికోలు ఎవరైనా చూస్తుంటే మీ కాలేజీలో ఎలా చెప్తున్నారో కింద రాయండి. ఉంటానండీ, బై.