అంతర్జాల ప్రమాణములు - మనవారి స్థానము

మందమర్రి గనులలో త్రవ్విన బొగ్గు వ్యాగనులకెక్కి కాజీపేట-బల్లార్షా మార్గమున ఉత్తరమునకో దక్షిణమునకో బయలుదేరినచో, నడుమ నెచ్చటను దానిని దింపి మరల నెక్కింపవలసిన పనిలేదు. పట్టాల నడిమి యెడము ఢిల్లీలోను చెన్నపట్టణములోను ఒక్కటే: అయిదడుగుల ఆరంగుళములు. ఇది తనంతట వచ్చిన సౌకర్యము కాదు. ఈ నైజాము రాజ్యముననే 1900 ప్రాంతమున సికింద్రాబాదునుండి మన్మాడునకు వేసిన మార్గము మీటరు గేజిది. రెండు గేజులును కలిసినచోట సరకంతయు ఒక బండినుండి దింపి వేరొక బండికెక్కింపవలసి యుండెను. కాలము వ్యర్థము, కూలి వ్యయము, త్రోవలో కొంత సరకు మాయము. ఆ మార్గమును వెడల్పు చేయుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. మొదట కూర్చుండి మాటలాడుకొననందుకు చెల్లించిన మూల్యమది.

కంప్యూటర్ల లోకమునను ఇట్టి బాధయే యుండెను. 1980 ప్రాంతమున ఒక్కొక్క పెద్ద కంపెనీ తన యంత్రములకు తానే యొక సంభాషణపద్ధతి కల్పించుకొన్నది. ఐ.బి.ఎం. వారి యంత్రము డిజిటల్ కంపెనీవారి యంత్రముతో నేరుగా పలుకజాలదు. కొన్నవాడు ఆ కంపెనీకే కట్టువడి యుండవలెను. ఇంతలో అమెరికా విశ్వవిద్యాలయములలో టి.సి.పి.-ఐ.పి. అను ఉమ్మడి నిబంధనావళి సిద్ధమైనది. దానిని కాగితముపై చదివిన ప్రతి కంపెనీయు తన కర్థమైన రీతిని యంత్రములు చేసినది. ఒకరి యర్థము వేరొకరి యర్థముతో కలియలేదు.

ఈ చిక్కును తీర్చినది ప్రభుత్వశాసనము కాదు, ఒక కార్యశాల. 1980ల నడుమ డాన్ లించ్ అను నాయన కంపెనీల నిర్మాతలను, నిబంధనలు కల్పించిన పండితులను మూడుదినములు ఒకచోట కూర్చినాడు. చెప్పువారు సుమారు 50 మంది, వినుటకు వచ్చినవారు సుమారు 250 మంది. విశేషమేమనగా, విన వచ్చినవారే తాము క్షేత్రమునందు కనుగొన్న లోపములను చెప్పనారంభించిరి, పండితులు వినవలసివచ్చెను. తరువాత 1988 సెప్టెంబరులో ఇంటరాప్ అను ప్రదర్శనము జరిగినది. 50 కంపెనీలు తమ యంత్రములను ఒకే తీగకు తగిలించి, అయిదువేలమంది యింజనీర్ల యెదుట మాటలాడింపవలసివచ్చెను. ప్రక్కనున్న ప్రత్యర్థి యంత్రముతో పలుకనిచో ఆ కంపెనీ పరువు అచ్చటనే పోవును. న్యాయస్థానము లేకుండ తీర్పు చెప్పుటకు ఇంతకంటె మంచి పద్ధతి వేరొండు లేదని మా యభిప్రాయము.

అదే సంప్రదాయమును నేటికిని నడపుచున్న సంస్థ ఐ.ఇ.టి.ఎఫ్. 1986 జనవరిలో శాన్ డియాగోలో జరిగిన దాని మొదటి కూటమునకు వచ్చినవారు 21 మంది. ఇందు సభ్యత్వము లేదు, ఓట్లు లేవు. వాదము ముగిసిన పిమ్మట అనుకూలురు హుంకారము చేయుదురు, ప్రతికూలురు హుంకారము చేయుదురు. ధ్వనినిబట్టి స్థూలసమ్మతి యెటునున్నదో అధ్యక్షుడు గ్రహించును. మన గ్రామములలో రచ్చకట్టకడ తగవు తీర్చిన పెద్దలకు ఈ పద్ధతి వింతగా తోపదు. అయితే ఒక్క షరతు కలదు. ఒక నిబంధన సంపూర్ణ ప్రమాణ మనిపించుకొనవలెనన్నచో, వేర్వేరు చేతులు స్వతంత్రముగా వ్రాసిన రెండు సాఫ్టువేర్లైన దాని ననుసరించి పరస్పరము పనిచేసి చూపవలెను. 2015 మార్చిలో డల్లాసు కూటమునుండి, సభకు ముందు రెండుదినములు నిర్మాతలు ఒక్కచోట కూర్చుండి క్రొత్త ముసాయిదాలను అమలుపరచి పరీక్షించు ఆచారముకూడ ఏర్పడినది. దాని పేరు హాకథాన్.

తలుపు తెరచియున్నది సరే. లోపలికి పోయినవారిలో మనవారెవరు? తెలుగు పేర్లు లేకపోలేదు. 2007 జనవరిలో వెలువడిన 4761వ పత్రముమీద కొంపెల్ల కిరీటిగారి పేరున్నది. ఆ యింటిపేరు మన పాఠకులకు క్రొత్తది కాదు. కాని పేరు ప్రక్కనున్నది జూనిపర్ అను అమెరికా కంపెనీ పేరు. మేధ మనది, పీట వారిది. 2025 చివరివరకు ఐ.ఇ.టి.ఎఫ్. 124 పర్యాయములు సమావేశమైనది. ఒక్క పర్యాయమును భారతదేశమున సమావేశము కాలేదు.

హైదరాబాదున అంతర్జాల మహాసభలు జరుగలేదా యని యెవరైన అడుగవచ్చును. జరిగినవి. 2008 డిసెంబరు 3 మొదలు 6 వరకు, బొంబాయి దారుణము జరిగిన వారము లోపల, ఐక్యరాజ్యసమితి యాజమాన్యమున అంతర్జాల పరిపాలనా వేదిక కూడినది. 2016 నవంబరులో పేర్లను పంచిపెట్టు ఐకాన్ సంస్థవారి 57వ సభ జరిగినది. మొదటిది తీర్మానములు చేయని చర్చావేదిక. రెండవది అంతర్జాల నామముల విధానము నిర్ణయించు సభ. రెండును ఆదరణీయములే. కాని యంత్రమునకును యంత్రమునకును నడుమ వాడవలసిన అక్షరక్రమమును నిర్ణయించు నిర్మాతల కూటము ఆ రెంటిలో నేదియు కాదు.

నిర్మాణశాలలో మనవారు లేకున్న వచ్చు నష్టమేమని యడుగువారికి 2018 ఫిబ్రవరి జ్ఞాపకము చేయుదుము. జకారమునకు ఞవత్తు, కంటికి కానరాని యొక విడదీత చిహ్నము, పిదప దీర్ఘము: ఈ కూర్పు సందేశముగా వచ్చినంత మాత్రమున ఐఫోనులు స్తంభించిపోయినవి. సందేశము తెరచిన సాఫ్టువేరు మూతపడుటయే కాదు, ఒక్కొక్కచో ఫోనే మరల మరల మొదటికి వచ్చినది. ఆపిల్ కంపెనీవారు ఫిబ్రవరి 19న దిద్దుబాటు విడుదల చేసిరి. లోకమంతయు నవ్వినది, తెలుగక్షరము ఫోనును చంపినదని పత్రికలు వ్రాసినవి. అక్షరముది తప్పా? తెలుగు లిపి 1991 నుండి యూనికోడ్ ప్రమాణమున నున్నది. జ్ఞానము, విజ్ఞానము, ఆజ్ఞ యని మన పిల్లలు దినమునకు పదిసార్లు వ్రాయు సంయుక్తాక్షరమది. ప్రమాణము పుస్తకమున నున్నది. ఆ ప్రమాణముపై సాఫ్టువేరు కట్టి పరీక్షించిన చోట ఈ కూర్పు ఎవరి చేతను పడియుండదు.

వేరొక యుదాహరణము. 2011లో మనదేశపు అంతర్జాలనామము తెలుగు లిపిలో '.భారత్' అని మూలపట్టికయం దెక్కినది. అంతటితో పని తీరలేదు. తెలుగు కన్నడ లిపులు అక్కచెల్లెండ్రు. గకార లకారములవంటివి చూచుటకు ఇంచుమించు ఒక్కటే, యంత్రమునకు మాత్రము వేరు. ఒక వంచకుడు కన్నడాక్షరములతో ఒక బ్యాంకు తెలుగుపేరును వ్రాసి నమోదు చేసికొన్నచో, చదువరి కన్నది నమ్మి సొమ్ము పోగొట్టుకొనును. అందుచేత నవబ్రాహ్మీ మండలియను పేర మనదేశీయ పండితులు కూర్చుండి, ఏ యక్షరము ఏ యక్షరమునకు జంటయో పట్టిక సిద్ధపరచిరి. 2019లో అది మూలపట్టిక నియమములలో చేరినది. ఈ పని విదేశీయుడు చేయజాలడు. రెండు లిపులును చదువగలవాడు కావలెను. మనవారు కూర్చున్నచోట పని యెట్లు జరుగునో చూపుటకు ఇది చాలును.

ఇవి పట్టణపు ఉద్యోగుల ముచ్చట్లని భూస్వాములు ఉపేక్షింపరాదు. తెలంగాణమున పట్టాదారు హక్కులు 2020 నుండి ధరణియందును, 2025 నుండి భూభారతియందును యంత్రములలోనే యున్నవి. సర్వే నంబరు ప్రక్కనున్న తెలుగు పేరు ఒక యంత్రమునుండి వేరొక యంత్రమునకు పోవునపుడు వత్తు జారినచో, తహసీలు కచ్చేరి చుట్టు తిరుగవలసినవాడు రైతే.

చేయదగినది అసాధ్యము కాదు. బాసరలో 2008లో నెలకొల్పిన విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము కలదు. మంథనిలో ఇంజనీరింగు కళాశాల కలదు. గని కార్మికుల బిడ్డలు ఇట్టి చోట్ల చదువుకొని, ఉద్యోగమునకై పరీక్షలు వ్రాయుచున్నారు. వారిలో పదిమందికి ఒక అధ్యాపకుని తోడు చేసి, విచారణలో నున్న ముసాయిదా నొకదానిని ఏరి సాఫ్టువేరు వ్రాయింపవలెను. దానిలో తెలుగు గుణింతమును, వత్తులను, సంయుక్తాక్షరములను పెట్టి, ఎచ్చట విరుగునో చూచి ఆ సంగతి ముసాయిదా కర్తలకు వ్రాసి పంపవలెను. పత్రములన్నియు ఉచితముగా లభించును. ఎవరు వ్రాసి పంపినను చదువుదురు. రుసుము ఇచ్చుకొనలేనివారు దూరమునుండి సభలో పాల్గొనుటకు మినహాయింపు కలదు. హాకథానునకు రుసుమే లేదు. కావలసినది విద్యుత్తు, తీగ, ఒక గది. పాఠ్యప్రణాళికలో వారమునకు రెండు గంటలు.