కోరంగి: ఓడలరేవు, మడ అడవి

కాకినాడనుండి యానామునకు పోవు మార్గమున దక్షిణముగా సుమారు 18 కిలోమీటర్లు పయనించినచో కోరంగి యను గ్రామము వచ్చును. కొబ్బరిచెట్లు, చేపల చెరువులు, కాలువ గట్టున కట్టివేసిన నాటుపడవలు తప్ప బాటసారి కంటికి అచ్చట విశేషమేదియు కనబడదు. ఒకప్పుడిది తూర్పుతీరమున పేరెన్నికగన్న ఓడరేవనిన క్రొత్తవారు నమ్మజాలరు. కాని ఊరికి తూర్పుదిక్కున చూచినచో పచ్చని కోటగోడవలె ఒక అడవి కానవచ్చును. రేవు నశించినది, అడవి నిలిచినది. ఈ రెండింటి కథయు తెలిసికొనినవారికే కోరంగి యాత్ర సఫలమగును.

గోదావరి ధవళేశ్వరమునకు దిగువ పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఆ పాయలు ఏడనియు, వానిని సప్తర్షులు కొనిపోయిరనియు మన పెద్దలు చెప్పుదురు. వానిలో ఆత్రేయ పాయ కోరంగియొద్ద సాగరమున కలియునని ప్రతీతి. సప్తసాగర యాత్ర చేయు భక్తులు చొల్లంగిలో స్నానమాడిన పిమ్మట ఇచ్చటికి వత్తురు. భక్తులకు తీర్థమైన ఈ సంగమమే నావికులకు ఆశ్రయమైనది. బంగాళాఖాతపు అలల తాకిడి నుండి తప్పించుకొని ఓడలు నదీముఖమున సురక్షితముగా నిలువగలిగెడివి.

పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లీషువారు కోరంగిలో వర్తకస్థానము నెలకొల్పిరి. సమీపమున యానాములో ఫ్రెంచివారుండిరి. గోదావరిపై తెప్పలుగా దిగివచ్చు టేకుకలపతో ఇచ్చట ఓడలు నిర్మించెడివారు; దూరప్రయాణమున దెబ్బతినిన ఓడలను బాగుచేసెడివారు. ఈ తీరమునుండియే వేలకొలది తెలుగువారు బ్రదుకుతెరువునకై బర్మాకు పోయి, రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను కష్టించిరి. అందుచే బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చెను. ఊరి పేరు ఒక జాతి పేరుగా మారుట ఆ రేవు ఘనతకు తార్కాణము.

అట్టి రేవునకు సముద్రమే మృత్యువైనది. 1789 డిసెంబరులో, పోటు మిక్కిలి హెచ్చుగానున్న సమయమున, పెనుగాలి వీచెను. మూడు మహాతరంగములు ఒకదాని వెనుక నొకటి ఊరిపై విరుచుకుపడెను. మొదటిది వీధులను నీటితో నింపెను. రెండవది చుట్టుపట్ల పల్లపు భూములను ముంచెను. మూడవది సర్వమును తుడిచిపెట్టెను. ఇరువదివేల మంది మరణించిరని నాటివారి అంచనా. మరల 1839 నవంబరులో మరియొక ఘోరమైన తుపాను వచ్చి రేవును ధ్వంసము చేసెను.

తుపానులో సముద్రము భూమిపైకి ఏల వచ్చును? తుపాను కేంద్రమున గాలి పీడనము తగ్గుటవలన నీటిమట్టము కొంత పైకి లేచును. అంతకంటె మిక్కుటముగా, సుడిగాలి నీటిని తీరమువైపునకు నెట్టును. తీరమున సముద్రము లోతు తక్కువయైనచో ఆ నీటికి పోవు దారి లేక గుట్టగా పేరుకొని ఊళ్ళపై పడును. దీనినే ఉప్పెన యందురు. కలకత్తాలోనుండిన హెన్రీ పిడింగ్టను అను పండితుడు 1839 నాటి కోరంగి తుపానును గూర్చియు, బంగాళాఖాతపు ఇతర తుపానులను గూర్చియు ఓడల దినచర్యలను సేకరించి పరిశోధించెను. పాము చుట్టవలె తిరుగు ఈ గాలులకు ‘సైక్లోను’ అను పేరు పెట్టినవాడాతడే. ఆ పేరును 1848లో వెలువడిన తన గ్రంథమున లోకమునకు తెలిపెను.

తుపానుల అనంతరము కోరంగి మరల తలయెత్తజాలదయ్యెను. ఏలయన, గోదావరి ఏటేట తెచ్చు ఒండ్రుమట్టి నదీముఖమున పేరుకొని, పెద్ద ఓడలు లోనికి రాలేని స్థితి ఏర్పడెను. వర్తకము క్రమముగా కాకినాడకు తరలిపోయెను. కాకినాడకు ఎదుట సముద్రములో సుమారు 16 కిలోమీటర్ల పొడవున నున్న హోప్ దీవియు గోదావరి తెచ్చిన ఇసుకతో గడచిన రెండు శతాబ్దములలో రూపొందినదే.

అయితే ఓడకు శత్రువైన బురద మడచెట్టునకు తల్లియైనది. మడజాతి వృక్షములు మిగుల ప్రాచీనములు. ఐదుకోట్ల సంవత్సరములకు పూర్వమే ఇట్టి వృక్షములు భూమిపై నుండెనని శిలాజములు తెలుపుచున్నవి. ఉప్పునీటిలో, గాలి చొరని బురదలో ఇతర వృక్షములు చచ్చిపోవును. మడచెట్టు మాత్రము తన వేళ్ళను ఈటెలవలె బురదనుండి పైకి పంపి, వానితో గాలి పీల్చుకొనును. ఒంటబట్టిన ఉప్పును ఆకులగుండ వెలికి విడుచును. ఆకును వ్రేలితో తాకి చూచినచో ఆ ఉప్పు తెలియును. ఈ అడవిలోని కొన్ని చెట్ల గింజలు తల్లిచెట్టుననే మొలకెత్తి, బురదలో పడినంతనే వేళ్ళూనును. తిల్లచెట్టు పాలు మాత్రము కంటికి హాని చేయును. కనుక దాని కొమ్మను త్రుంపరాదు.

1978లో ప్రభుత్వము ఈ అడవిని అభయారణ్యముగా ప్రకటించెను. దీని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెట్లనడుమ వేసిన చెక్కల కాలిబాటపై నడచుచు పోయినచో ఎండ్రకాయలు, బురదపై గెంతు చేపలు కనబడును. నీటికుక్కయు, చేపలను పట్టి తిను బావురుపిల్లియు ఇచ్చట నివసించును. రాలిన ఆకులు క్రుళ్ళి రొయ్యపిల్లలకును, చేపపిల్లలకును ఆహారమగును. అవి పెరిగి సముద్రమునకు పోయి బెస్తవారి వలలకు చిక్కును. కావున అడవిలో రాలిన ఆకు బెస్తవాని ఇంట అన్నమగుచున్నది.

ఇంతకంటె గొప్ప మేలు మరియొకటి కలదు. 1999 అక్టోబరులో ఒరిస్సా తీరమును మహాతుపాను తాకినప్పుడు, మడ అడవి వెడల్పుగానున్న చోట దాని వెనుక పల్లెలలో ప్రాణనష్టము తక్కువగా నుండెనని పరిశోధకులు గణించి చూపిరి. వేలకొలది కాండములు, వేళ్ళు అల వేగమును త్రుంచివేయును. 1789 నాటి ఉప్పెనవంటి దానిని ఏ అడవియు పూర్తిగా ఆపజాలదు. కాని అల వేగము తగ్గినకొలది, పారిపోవువానికి వ్యవధి దొరకును.

ఈ మేలు తెలియక, వంటచెరకు కొరకును, రొయ్యల చెరువుల కొరకును మడచెట్లను నరికినవారు కలరు. చెరువు కొన్నియేండ్లు లాభమిచ్చును. నరికిన అడవి మరల నిలద్రొక్కుకొనుటకు చాలకాలము పట్టును. నేడు ఖాళీయైన చోట్ల కాలువలు త్రవ్వి, పోటునీరు పారునట్లు చేసి, మడమొక్కలను నాటుచున్నారు.

బాలలారా! మీరు కోరంగికి పోయినప్పుడు పడవపై నదీముఖమువరకు పొండు. ఓడలు నిలిచిన చోట ఇప్పుడు నీరు, బురద మాత్రమే యున్నవి. ఆ బురదలో జానెడు మడమొక్క రెండాకులు తొడిగి నిలిచియుండును. దానిని త్రొక్కకుడు. రేపటి ఉప్పెననాడు ఊరికి అడ్డుగా నిలువవలసినది అదియే.