అపోహలు – వాస్తవాలు: 26 కిలోల బస్తా, ఏటా వచ్చే సాఫ్ట్‌వేర్ బిల్లు

సొంత అవసరానికి రాయించుకున్న సాఫ్ట్‌వేర్ విషయంలో బాగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది: డబ్బు కట్టి చేయించుకున్నాం, బాగానే నడుస్తోంది, మళ్లీ ఏటా ఏఎంసీ (వార్షిక మెయింటెనెన్స్ ఒప్పందం) ఎందుకు? మిల్లులో బెల్టు తెగుతుంది, బేరింగు అరుగుతుంది, ప్రోగ్రాం అరగదు కదా! అరగదన్న మాట నిజమే. అయితే ఏ రూల్స్‌ని నమ్ముకుని దాన్ని రాశారో అవి మారిపోతుంటాయి. జొన్నాడ, మండపేట వైపు ఒక రైస్ మిల్లు 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు బిల్లింగ్ ప్రోగ్రాం రాయించుకుందనుకుందాం. అప్పట్లో బ్రాండు పేరుతో ప్యాక్ చేసి అమ్మే బియ్యానికే 5 శాతం పన్ను, కాబట్టి ప్రోగ్రాం బ్రాండు ఉందా లేదా అనే చూసేది. 2022 జులై 18 నుంచి బ్రాండుతో పనిలేదు, 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బస్తాకల్లా పన్నే. వెంటనే బజారులోకి 26 కిలోల బస్తా దిగింది. పన్నుకి అందకుండా పోవడానికి ఒక్క కిలో చాలింది! 10, 25, 50 తప్ప మరో బరువు ఎరగని ప్రోగ్రాంలో ఆ బస్తాకి బిల్లు పడదు. ఆ ఏడాదే ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో, బిల్లు మీది జొన్నాడ చిరునామాలో తూర్పుగోదావరి జిల్లా పోయి కోనసీమ వచ్చింది, కొన్ని నెలలకే అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అయింది. వీటిలో ప్రోగ్రామర్ తప్పు ఒక్కటీ లేదు.

తప్పులు కావాలనే వదిలి, వాటిని సరిచేస్తూ సంపాదిస్తారన్న అనుమానమూ ఉంది. అలాంటివాళ్లు అసలే ఉండరని అనలేం. కానీ మెయింటెనెన్స్ అంటే తప్పులు దిద్దడమేనన్న లెక్కే సరికాదు. సాఫ్ట్‌వేర్ మెయింటెనెన్స్‌పై పరిశోధించిన లియెంట్జ్, స్వాన్సన్ 487 సంస్థలను సర్వే చేసి 1980లో ప్రచురించిన ఫలితాల్లో తప్పులు దిద్దడానికి పోయిన శ్రమ సుమారు అయిదో వంతే. ఎక్కువ భాగం కొత్త కోరికలకీ, మారిన పరిస్థితులకీ పోయింది. కాబట్టి రాసినవాడి తప్పుని ఉచితంగా సరిచేయాలని, మారిన రూలుకి డబ్బు కట్టాలని ఒప్పందంలో విడివిడిగా రాసుకోవడం న్యాయం. నా దృష్టిలో అసలు నేరం మొదటి ధర ఒక్కటే చెప్పి, రెండో ఏడాది నుంచి అయ్యే ఖర్చు దాచిపెట్టే అమ్మకందారుది. సాధారణంగా అడిగే రేటు మొదటి ధరలో ఏటా 15 నుంచి 20 శాతం. ఇరవై చొప్పున అయితే అయిదేళ్లలో అసలు ధర మళ్లీ కట్టినట్టే.

ఏ మార్పూ లేని ఏడాది ఎందుకు కట్టాలి? ఇది గట్టి ప్రశ్నే. బ్యాకప్, సర్వర్ అద్దె ఎలాగూ తప్పవు. మిగతాది ఆ కోడ్ తెలిసిన మనిషి అందుబాటులో ఉన్నందుకు. ఆ మనిషి ఉద్యోగం మారితే, పాత కోడ్ చదివి అర్థం చేసుకోవడానికే కొత్తవాడికి వారాలు పడతాయి. ఇదంతా వద్దనుకుంటే, మిల్లు లెక్కలు నలుగురి లెక్కల్లాంటివే అయితే, రెడీమేడ్ కొనడమే మేలు. టాలీ లాంటి రెడీమేడ్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కైనా కొత్త వెర్షన్ల కోసం ఏటా రెన్యువల్ కట్టాలి, కాకపోతే పన్ను మారినప్పుడు అయ్యే ఖర్చు లక్షల మంది కొనుగోలుదారుల మధ్య పంచుకుపోతుంది. సొంత ప్రోగ్రాంలో అదంతా ఒక్క మిల్లు మీదే పడుతుంది.